బెల్లం కొట్టు వారి తేనె

మా ఇంట్లో పంచదారకి ప్రవేశం లేదు. ఎవరూ గోడ మీద రాసిపెట్టలేదు కానీ, రాసిపెట్టిన నియమాలకంటే అదే గట్టిగా నడిచింది. అనకాపల్లిలో మూడు తరాల నుంచి బెల్లం వ్యాపారం చేస్తున్న ఇల్లు మాది. అలాంటి ఇంట్లోకి పంచదార పొట్లం రావడమంటే మా ఆయన దృష్టిలో పరువు తక్కువ పని. కాఫీలో బెల్లం, పాయసంలో బెల్లం, నిమ్మరసంలో బెల్లం. విశాఖపట్నం నుంచి వచ్చిన చుట్టాలు మా కాఫీ ఒక గుక్క తాగి, గ్లాసులోకి ఒకసారి చూసి, "ఆరోగ్యానికి చాలా మంచిదండీ" అంటారు. రుచి గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు.

కాపురానికి వచ్చిన కొత్తలో నేనూ అలాగే అన్నాను. తరవాత నాలుక సర్దుకుంది. సర్దుకోనిది ముక్కు. ఆయన కొట్టు నుంచి వస్తే చొక్కాకి బెల్లం వాసన, ఆ చొక్కా నానబెట్టిన బకెట్‌కి బెల్లం వాసన, బీరువా తెరిస్తే పట్టుచీరలకి కూడా అదే. గానుగలు ఆడే రోజుల్లో అయితే ఊరు మొత్తానికి పాకం వాసన పట్టేస్తుంది. పైగా ఊళ్లో నాకంటూ ఒక పేరు లేదు. కూరల బండి దగ్గరా, గుళ్లోనూ, ఆసుపత్రిలో చీటీ రాసేవాడి దగ్గరా నేను బెల్లం కొట్టు వారి ఆవిడనే. అందుకని యాభై దాటాక, బెల్లంతో ఏ సంబంధమూ లేని పని ఒకటి నా సొంతంగా చేయాలని గట్టిగా అనిపించింది. లోకంలో ఇన్ని పనులుండగా నేను ఎంచుకున్నది తేనెటీగల పెంపకం. తీపితో విసిగిపోయిన మనిషి చేయాల్సిన పనేనా అని మీరు అడగొచ్చు. అప్పుడు నన్నెవరూ అడగలేదు.

ఒక పెళ్లికి వెళ్లి వస్తూ చీడికాడ దగ్గర ఒక రైతు పొలంలో ఆ పెట్టెల్ని చూశాను. ఆనపకాయ పాదుల మధ్య నాలుగు కాళ్ల స్టాండుల మీద చిన్న చిన్న చెక్క పెట్టెలు, వాటి గుమ్మం దగ్గర ఈగల రాకపోకలు. కారు ఆపించి దిగి అలా నిలబడిపోయాను. ఎవరూ వాటికి పని చెప్పడం లేదు, ఎవరూ కేకలెయ్యడం లేదు. మా ఆయన కారులోంచి హారన్ కొడుతూనే ఉన్నారు. ఆ తరవాత మూడు ఆదివారాలు ఆ రైతు దగ్గరికి వెళ్లి పని నేర్చుకున్నాను. వేసవి మొదట్లో, గానుగల సీజన్ అయిపోయాక, ఒక పెట్టె మా మేడ మీదికి వచ్చింది.

"అప్పడాలు ఎండబెట్టుకునే మేడ మీద ఈగలు పెంచుతావేటి?" అన్నారు మా ఆయన.

"ఈగలు కావండి, తేనెటీగలు."

"కుట్టే ఈగలన్నమాట."

ఆయన అభ్యంతరం అంతటితో ఆగిపోయింది. ఆయనకి పెళ్లానికి అడ్డు చెప్పే అలవాటు లేదు, పెళ్లాం చేసేదాన్ని పట్టించుకునే అలవాటు కూడా లేదు. రెండూ కలిసి బయటి వాళ్లకి మంచితనంలా కనిపిస్తాయి. ఇన్నేళ్లలో నాక్కూడా చాలాసార్లు అలాగే కనిపించింది.

స్టాండు కాళ్ల కింద నీళ్లు పోసిన గిన్నెలు పెట్టాను, చీమలు ఎక్కకుండా. పాత దోమతెర కత్తిరించి టోపీకి కుట్టుకుని మొహానికి ముసుగు చేసుకున్నాను. కొబ్బరి పీచు ముట్టించి పొగ పెట్టడం నేర్చుకున్నాను. మొదటి వారంలో నా బొటనవేలు, ఎడమ చెవి, ముక్కు వాచాయి. ముక్కు వాచిన రోజున పేరంటానికి వెళ్తే, ఏమైందని అడిగిన ప్రతివాళ్లకీ గర్వంగా చెప్పాను. పాపం అన్నవాళ్లే కానీ, భేష్ అన్నవాళ్లు ఒక్కరూ లేరు.

మొదటి తేనె ఎండలు ముదిరాక తీశాను. వేప పూత, కానుగ పూత అయిపోయిన రోజులవి. పెట్టెలోంచి తేనెపట్టు చట్రం ఎత్తితే చేతికి బరువు తెలిసింది. మైనం మూతలు చాకుతో గీరుతుంటే వేలికి అంటుకున్నది నోట్లో పెట్టుకున్నాను. ముందు తీపి, తరవాత ఏదో పూల వాసన, అంతా అయిపోయిందనుకున్నాక చివర్లో రవ్వంత చేదు. ఆ చేదు నాకెంత నచ్చిందో చెప్పలేను. ముప్పై ఏళ్లుగా తిన్న తీపిలో ఎక్కడా లేనిది అది. మేడ మెట్ల మీద కూర్చుని, చీర కొంగు జిడ్డయిపోతున్నా లెక్కచెయ్యకుండా, మైనంతో సహా నమిలి తిన్నాను. మర్నాడు పెసరట్టు మీద వేసుకున్నాను. ఆ మర్నాడు వేడన్నంలో నెయ్యితో పాటు వేసుకుని చూశాను. అది బాగాలేదు గాని, అదీ తినేశాను.

మా ఆయన కూడా ఒక చెంచా నాకి, "బాగున్నాదే" అన్నారు. ఆయన బాగుందంటే నాకు బంగారమే. ఎందుకంటే మార్కెట్ యార్డులో ఆయన నాలుకకి ఉన్న విలువ ఇంకెవరి నాలుకకీ లేదు. బెల్లం దిమ్మ మూల విరిచి నోట్లో వేసుకుని, ఇది ఏ వైపు చెరకు, ఎవరి పాకం ముదిరిపోయింది, ఎవరు సున్నం ఎక్కువేశారు అన్నీ చెప్తారు. అలాంటి మనిషి మెచ్చుకున్నాడు కదా అని సంబరపడిపోయి, ఉన్న తేనెంతా చిన్న చిన్న సీసాల్లో పోసి చుట్టాలకీ, ఆయన మార్కెట్ స్నేహితులకీ పంచిపెట్టాను.

అక్కడ పొరపాటు చేశాను. బెల్లం వ్యాపారి ఇంటి నుంచి తేనె సీసా వెళ్తే, అనకాపల్లిలో ఎవరైనా ఏమనుకుంటారో ఆ సంగతి నాకు తట్టలేదు.

మొదట వచ్చింది మా ఆడపడుచు భర్త. ఆయన్ని నేను అన్నయ్యగారూ అంటాను. పాయకరావుపేటలో ధాన్యం వ్యాపారం. నెలకోసారి పని మీద మా ఊరు వచ్చి, మా ముందు గదిలో కూర్చుని, మా బెల్లం కాఫీ రెండు గ్లాసులు తాగే ఏకైక మనిషి. ఆ రోజు రాగానే మా ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

"బావా, తేనె అదిరిపోనాది. పాళ్లు సెప్పు."

"పాళ్లేటి?"

"నాకాడ దాపరికమేటి బావా? పాకం ఎంత, తేనె ఎంత? ఆ సివర్లో సేదు కూడా తగిలించేవు సూడు, అదీ పనితనం. వేపాకు కషాయమేనా?"

నేను తలుపు దగ్గర కాఫీ గ్లాసులతో నిలబడి ఉన్నాను. మా ఆయన ఏమంటారోనని చూశాను. ఆయన మీసాల చాటున నవ్వారు. అంతే. కాదనలేదు, అవుననలేదు. ఆ నవ్వు మార్కెట్లో ఆయన సరుకు అమ్మేటప్పుడు నవ్వే నవ్వు.

నిజానికి వాళ్లెవరూ నన్ను తప్పు పట్టడం లేదు. మెచ్చుకుంటున్నారు. వాళ్ల వ్యాపారాల్లో కలపడం తప్పు మాట కాదు, అదొక పనితనం. మంచి రంగు దిమ్మల వరసలో రంగు తగ్గిన దిమ్మని కనిపించకుండా సర్దగలిగినవాడు తెలివైనవాడు. ఆ లెక్కన తేనెలాగే ఉండేది తయారుచేసిన వాళ్లు మహా తెలివైనవాళ్లు. ఆ తెలివి కూడా నాది కాదు, మా ఆయనదే. మార్కెట్లో అందరూ ఆయన వీపు తట్టారు. ఒకాయన అయితే నిజం తేనెకంటే ఇదే బాగుందన్నాడట. ముక్కు వాచింది నాకు, పేరు వచ్చింది ఆయనకి.

"కలపలేదని మీకూ తెలుసు కదా. వాళ్లకి సెప్పొచ్చు కదండీ" అన్నాను.

"పోనీలేవే. మెచ్చుకుంటన్నారు కదా, తిట్టడం లేదు కదా" అన్నారు.

పోనిచ్చాను. అప్పటికి కనీసం ఆయనకైనా నిజం తెలుసన్న ధైర్యం ఉంది.

వానలు మొదలయ్యాక ఆ ధైర్యానికి కూడా చెమ్మ తగిలింది. ముసురు రోజుల్లో పూలు ఉండవు, ఈగలు బయటికి రాలేవు, పెట్టెలో ఆకలితో చచ్చిపోతాయి. చీడికాడ రైతుకి ఫోన్ చేస్తే, "పంచదార నీళ్లు కాసి పెట్టండమ్మా" అన్నాడు.

"పంచదారా? మాది బెల్లం ఇల్లు బాబూ. బెల్లం నీళ్లు పెట్టకూడదా?"

"బాబ్బాబు, బెల్లం పెట్టకండమ్మా. దానికి వాటి కడుపు సెడిపోద్ది. మనుషులకే అది మంచిది."

మా ఆయన తాతగారు వింటే ఏమైపోయేవారో! మా వీధి కొట్లో కొంటే గంటలో మార్కెట్ దాకా పాకుతుందని, బస్సెక్కి వేరే పేటకి వెళ్లి, ముసుగు కప్పుకున్నంత పని చేసి పంచదార కొన్నాను. సంచి అడుగున పెట్టి పైన తోటకూర కప్పాను. వంటింట్లో కందిపప్పు డబ్బా వెనక దాచాను. మధ్యాహ్నం ఆయన కొట్లో ఉన్నప్పుడు కాచి, చల్లార్చి, మేడ మీదికి మోసేదాన్ని. దొంగతనంగా ప్రేమలేఖలు రాసుకునే వయసులో కూడా నేనింత జాగ్రత్తపడలేదు.

ఒకరోజు వాన ఎక్కువై ఆయన పెందలాడే ఇంటికొచ్చారు. పొయ్యి మీద గిన్నెలో పంచదార పాకం. పక్కనే కడిగి బోర్లించిన తేనె సీసాలు. ఆయన గిన్నెలోకి చూశారు, సీసాల వైపు చూశారు, నా మొహం వైపు చూశారు.

"ఓహో" అన్నారు.

"ఈగలకండి. వానల్లో వాటికి తిండి ఉండదు."

"ఈగలకి వంట సేత్తన్నావా?"

ఉన్నదంతా చెప్పాను. ఆయన తల ఊపుతూ విన్నారు. రైతులు తమ సరుకు గురించి చెప్పుకునేటప్పుడు కూడా ఆయన అలాగే తల ఊపుతూ వింటారని, ఆ తరవాత తన ధర తను చెప్తారని నాకు తెలుసు. ఇంట్లోకి పంచదార వచ్చినందుకు కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. దానికే నాకు భయం వేసింది.

శీతాకాలం వచ్చింది. చుట్టుపక్కల ఊళ్లలో గానుగలు మొదలయ్యాయి. యార్డులోకి బళ్లు, ఆటోలు, ట్రాక్టర్లు, వరసలు వరసలుగా కొత్త దిమ్మలు. ఊరికి మళ్లీ పాకం వాసన పట్టింది. ఆ రోజుల్లో నా పెట్టెలో ఒక వింత జరిగింది. పూలు అంతంత మాత్రంగా ఉన్నా చట్రాలు గబగబా నిండిపోయాయి. నా చెయ్యి బాగా తిరిగిందని మురిసిపోయాను. తీసి చూస్తే తేనె ముదురు రంగులో, చిక్కగా ఉంది. నాకు చేదు తగల్లేదు. చలికాలం తేనె ఇలాగే ఉంటుందేమోలే అనుకుని భోజనాల దగ్గర మా ఆయనకి చెంచాతో ఇచ్చాను.

ఆయన నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. మార్కెట్లో అలా కళ్లు మూసుకుంటే చుట్టూ ఉన్నవాళ్లు మాటలాపేస్తారట. నేను కూడా గరిటె కింద పెట్టాను.

"బెల్లం" అన్నారు.

"తేనెండి."

"కొత్త బెల్లం. ఈ ఏడాదిదే. కొద్దిగా ఉప్పదనం కూడా ఉన్నాది. సముద్రం పక్క, పూడిమడక రోడ్డు వైపు సెరుకు." కళ్లు తెరిచి మెల్లగా, బుజ్జగిస్తున్నట్టు అన్నారు. "నాతో సెప్పడానికేటే? నేనేటన్నా అంతానా? ఎంత కలిపేవు?"

"ఏటీ కలపలేదండి."

"మొన్న పంచదార. ఇప్పుడు బెల్లం. పోనీ బెల్లమైనా మన కొట్లోది అడిగితే మంచి రకం ఇద్దును కదా."

నాకు ఒళ్లు మండిపోయింది. తిట్టినా బాగుండేది. జాలిపడ్డారు. పెళ్లాం సరదా పడి ఏదో మొదలుపెట్టింది, కుదరలేదు, పరువు కోసం పాకం కలుపుకుంటోంది, చూసీ చూడనట్టు పోదాం అన్న జాలి. ఊరంతా నమ్మకపోతే పోనిచ్చాను. ఈ మనిషితో ముప్పై ఏళ్లు ఒకే కంచం దగ్గర కూర్చున్నాను. ఏనాడూ అబద్ధం చెప్పలేదని కాదు. చీరల ధరల్లో చెప్పాను, మా పుట్టింటి వాళ్లకి పంపిన స్వీట్ల విషయంలో చెప్పాను. కానీ నా చేత్తో చేసిన ఒక్క వస్తువు గురించి ఎదురుగా నిలబడి చెప్తున్నాను కదా. ఆ ఒక్క మాట ఆయన నమ్మాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు. ఆ చలికాలమంతా నాకున్న కోరిక అదొక్కటే.

దేవుడి పటం మీద చెయ్యి వేసి కూడా చెప్పాను. "అలాగేలే, అలాగే" అన్నారు. పిల్లలు ఒట్టేస్తే పెద్దవాళ్లు అనే అలాగే అది.

ఆ తేనె సీసాల్ని మళ్లీ అందరికీ పంచింది మా ఆయనే. నాకు ఇష్టం లేకపోయినా తీసుకెళ్లారు. ఈసారి ఊళ్లో ఇంకా ఎక్కువ మెచ్చుకున్నారు. కిందటిసారి ఉన్న చేదు కూడా పోయిందట, ఇప్పుడు పాళ్లు సరిగ్గా కుదిరాయట. అన్నయ్యగారు పాయకరావుపేట నుంచి ఫోన్ చేసి, సీసా అడుగున పలుకులు కట్టిందని, అందులో పంచదార కూడా పడినట్టుందని, ఈ సూక్ష్మం తనకి కూడా నేర్పమని అడిగారు. నేను ఫోన్ మా ఆయనకి ఇచ్చేసి మేడ మీదికి వెళ్లిపోయాను.

మేడ మీద ఇంకో బాధ మొదలైంది. పెట్టెలో ఈగలు తగ్గిపోతున్నాయి. పొద్దున్న గుంపుగా వెళ్లినవి సాయంత్రానికి పల్చగా తిరిగొస్తున్నాయి. గుమ్మం చెక్క మీద గోధుమరంగు మరకలు. చీడికాడ రైతుని అడిగితే, కడుపు చెడిందమ్మా అన్నాడు, ఎక్కడో మందు కూడా తగులుతున్నట్టుంది అన్నాడు. రోజూ స్టూల్ వేసుకుని గుమ్మం ముందు కూర్చునేదాన్ని. కూర్చుంటే ఏమొస్తుంది? నా కళ్లముందే ఇల్లు ఖాళీ అవుతున్నట్టుండేది. ఒకటి రెండుసార్లు ఏడ్చాను కూడా.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం మా ఆయన ఫోన్ చేసి, క్యారియర్ మర్చిపోయాను, కొట్టుకి తీసుకురమ్మన్నారు. నేను కొట్టుకి వెళ్లేది దీపావళి పూజకి మాత్రమే. ఇల్లు పెద్ద దూరమేం కాదు. మా మేడ మీద నిలబడితే యార్డు రేకుల కప్పులు కనిపిస్తాయి. ఎండలో క్యారియర్ పట్టుకుని వెళ్లి కొట్టు ముందు నిలబడ్డాను.

వరసగా పేర్చిన దిమ్మలు ఎండకి చెమర్చి ఉన్నాయి. వాటి మీద నల్లగా కదులుతూ తేనెటీగలు. ఒకటి కాదు, రెండు కాదు. తలలు దించుకుని బెల్లం చెమ్మని పీల్చుకుంటున్నాయి. దిమ్మలు మోసే కళాసీ ఒకాయన పంపు భుజాన తగిలించుకుని వాటి మీద మందు కొడుతున్నాడు. కింద, దిమ్మల వరస పొడుగునా, చీపురుతో ఊడ్చి పెట్టిన కుప్ప. ఏమిటా అని వంగి చూశాను. అన్నీ ఈగలే. కొన్ని ఇంకా కాళ్లు ఆడిస్తున్నాయి.

"ఆపండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కళాసీ ఆపేశాడు. మా ఆయన గల్లా దగ్గర నుంచి లేచి వచ్చారు.

"ఏటైందే? కుట్టి సంపేత్తన్నాయని కళాసీలు గోలపెడితే నేనే కొట్టమన్నాను."

"ఇవి నావండి."

"నీవా? మార్కెట్ ఈగలే ఇవి. నీవని ఎలాగ తెలుసు?"

ఈగ మొహం చూసి గుర్తుపట్టలేను. కానీ ఆ దిమ్మల ముందు నిలబడగానే నాకంతా అర్థమైపోయింది. ముదురు రంగూ, చేదు లేకపోవడం, గబగబా నిండిన చట్రాలూ, పెట్టె మీద మరకలూ. తేనెలో బెల్లం కలిసిందన్న మాట నిజమే. అయితే కలిపింది నేను కాదు. బెల్లం నుంచి పారిపోదామని నేను పెంచుకున్న ఈగలు తిన్నగా మా ఆయన కొట్టుకే వచ్చి పనిలో చేరాయి.

"నేను కలపలేదని ఎన్నిసార్లు సెప్పేను?" అన్నాను. కళాసీలు వింటున్నారని కూడా చూసుకోలేదు. "మీ బెల్లం ఇవి తెచ్చుకుంటన్నాయి. మీరు వీటిని సంపించి, ఇంటికొచ్చి నన్నేమో దొంగని సేత్తన్నారు." క్యారియర్ గల్లా మీద పెట్టి వచ్చేశాను.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఫోన్ మోగింది.

"ఏమే, మేడ మీదికెళ్లు."

"ఎందుకు?"

"ఎళ్లమంటన్నాను కదా. పెట్టె కాడ కూకో. ఫోన్ పెట్టీకు." అటు పక్క కళాసీల నవ్వులు వినిపిస్తున్నాయి. "ఇప్పుడొకటి ఎగిరింది. సూత్తుండు."

ఏమిటో అర్థం కాక, గుమ్మం వంక చూస్తూ కూర్చున్నాను. ఈగలు వస్తున్నాయి, పోతున్నాయి. కాసేపటికి ఒకటి వచ్చి చెక్క మీద వాలింది. దాని వీపంతా ఎర్రగా ఉంది. దెబ్బ తగిలిందేమోనని వంగి చూస్తే, కుంకుమ.

కొట్లో లక్ష్మీదేవి పటం ముందు ఉన్న కుంకుమ భరిణ తీసి, బెల్లం మీద వాలిన ఈగల వీపు మీద చిటికెడు చల్లి వదిలిపెడుతున్నారు మా ఆయన. పేరంటానికి వెళ్లి బొట్టు పెట్టించుకుని ఇంటికి వచ్చినట్టు అది బరువుగా నడిచి లోపలికి వెళ్లింది.

"వచ్చిందండీ" అన్నాను.

"ఎర్రగా ఉన్నాదా?"

"ఉన్నాది."

"ఇంకోటి వదులుతన్నాను."

ఒక్క శాంపిల్ చూసి సరుకు కొనే మనిషి కాదాయన. ఇంకోటి వదిలారు, ఆ తరవాత ఇంకోటి. కొన్ని రాలేదు, కొన్ని వచ్చాయి. వచ్చిన ప్రతిదాన్నీ నేను ఫోన్‌లో చెప్తున్నాను. ఎండ నెత్తి మాడ్చేస్తోంది. నాకు సంతోషంగానూ ఉంది, మంటగానూ ఉంది. పెళ్లాం దేవుడి పటం మీద ఒట్టేసి చెప్తే అలాగేలే అన్న మనిషి, కుంకుమ పూసుకున్న ఈగ వచ్చి చెప్తే నమ్మారు. ఆఖరికి ఆయనే, "సరేలే, దిగిరా, ఎండ" అన్నారు. గొంతు మెత్తగా ఉంది.

ఆ రోజు నుంచి మందు కొట్టడం ఆపించారు. కొట్టు ముందు దిమ్మల మీద దోమతెరలు కప్పించారు. అనకాపల్లి మార్కెట్లో దోమతెర వేసుకుని పడుకున్న బెల్లం మా కొట్లోదే. దారిన పోయే వ్యాపారులు ఆగి, జోలపాట కూడా పాడుతున్నారా అని అడిగేవారట. పెట్టెలో మిగిలిన ఈగలు మెల్లగా కోలుకున్నాయి. చలికాలం తేనె మాత్రం నేనిక తియ్యలేదు, వాటికే వదిలేశాను. క్షమించమనో, పొరపాటైందనో ఆయన అనలేదు. అంటారని నేను ఎదురుచూశాను, అది దాచుకోవడం ఎందుకు? దోమతెరలు చూసి సరిపెట్టుకోవాలేమో అనుకున్నాను గాని, అంత సులువుగా సరిపడలేదు.

మళ్లీ వేప పూసింది. అన్నయ్యగారు వచ్చారు. ముందు గదిలో కూర్చుని, రెండో గ్లాసు కాఫీ కూడా అయ్యాక, మామూలుగానే అడిగారు.

"బావా, కొత్త తేనె ఎప్పుడు? ఈసారి నాకు పాళ్లు సెప్పకపోతే ఊరుకోను."

నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. మీసాల చాటు నవ్వు కోసం చూస్తున్నాను. రాలేదు.

"పాళ్లు లేవు బావా" అన్నారు మా ఆయన. "మా ఆవిడ ఏటీ కలపలేదు. ఎప్పుడూ కలపలేదు."

అన్నయ్యగారు నవ్వడం మొదలుపెట్టారు. మా ఆయన కుర్చీ ముందుకి లాక్కుని మొత్తం చెప్పుకొచ్చారు. ఈగలు కొట్టుకి రావడం, దిమ్మల మీద వాలడం, కుంకుమ చల్లడం, అవి ఎర్రగా మా మేడ మీద దిగడం. అలా వివరంగా, చేతులు తిప్పుతూ ఆయన ఏదైనా చెప్పడం నేనెప్పుడూ చూడలేదు. అన్నయ్యగారికి నవ్వి నవ్వి కళ్లలో నీళ్లు వచ్చాయి.

"బొట్టెట్టుకుని వచ్చేయా! ఓరి బావా, తేనెకంటే ఈ కథ బాగా కలిపేవు."

"కథ కాదు బావా. మా అమ్మ మీద ఒట్టు."

"అత్తని కూడా కలిపేసేవా!" ఆయన నవ్వుతూనే నా వైపు తిరిగారు. "సెల్లెమ్మా, నువ్వయినా సెప్పు."

"నిజమే అన్నయ్యగారూ" అన్నాను.

"మొగుడూ పెళ్లాం బాగా కూడబలుక్కున్నారు" అని లేచి, మా ఆయన వీపు ఒకటి చరిచి, చెప్పులేసుకుని వెళ్లిపోయారు. వీధి చివరి దాకా ఆయన నవ్వు వినిపించింది.

నేను కాఫీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వచ్చాను. వెనకాలే మా ఆయన వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. మొహం ఎర్రబడింది.

"ఒట్టేసి సెప్పేను కదా. కళ్లారా సూసింది సెప్పేను. ఎందుకు నమ్మడాడు?"

దానికి చెప్పాల్సినవి నా దగ్గర చాలా ఉన్నాయి. చలికాలమంతా కూర్చుకున్నవి, ఒకదానికంటే ఒకటి పదునైనవి. ఆయన మొహం చూస్తే ఒక్కటీ బయటికి రాలేదు. ఆయన తలెత్తి నా వైపు చూశారు.

"నీకూ ఇలాగే ఉండేదేటే, ఇన్నాళ్లూ?"

"ఉండేది" అన్నాను.

ఆయన వచ్చి నా చేతిలోంచి గ్లాసులు తీసుకుని కుళాయి కింద పెట్టారు. పెళ్లయ్యాక ఆ ఇంట్లో ఆయన గ్లాసు కడగడం అదే మొదలు. అడుగున బెల్లం మడ్డి అలాగే ఉండిపోయింది. ఆయన కొట్టుకి వెళ్లాక మళ్లీ కడుక్కున్నాను.